ఆరువందల ఇరవై మార్కుల కోడలు

మామయ్యగారికి ఏ అంకె కనపడినా మార్కుగానే కనపడుతుంది. రక్తపోటు నూటఅరవై వస్తే "ఫస్టు క్లాసు" అంటారు. కళ్లజోడు పవరు పెరిగితే ప్రమోషనంటారు. చదివింది ఊరిబడిలో అయిదో తరగతి. అయితేనేం, లెక్కల్లో నూటికి నూరు! వర్క్‌షాపులో ఫోర్‌మన్ కుర్చీ తనంతట తానే ఆయన్ని వెతుక్కుంటూ వచ్చిందట. ఈ ఘనతలు వినకుండా ఆ ఇంట్లో ఎవరూ మంచినీళ్లు తాగి ఎరగరు.

అలాంటి మనిషి చేతికి కోడలి రక్తపరీక్ష రిపోర్టు చిక్కింది. థైరాయిడ్ యాంటీబాడీలు ఆరువందల ఇరవై; ముప్పై అయిదు దాటకూడదు.

"పాసు మార్కు ముప్పై అయిదేనర్రా! మా అమ్మాయికి ఆరువందల ఇరవై!" వీధి దద్దరిల్లింది.

"మామయ్యగారూ, అది ఎక్కువ రాకూడదండీ!"

"ఎక్కువ రాకూడని మార్కు నా సర్వీసులో చూళ్లేదమ్మా."

డాక్టరమ్మ ఇద్దరికీ ఓపిగ్గా చెప్పింది. "ఒంటిని కాపాడాల్సిన సైన్యమే థైరాయిడ్ గ్రంథిని పరాయిదనుకుని కొడుతోంది. యాంటీబాడీలు ఉన్నాయంటే అర్థం అదే. అంకె పెద్దదైతే జబ్బు పెద్దదని కాదు. గ్రంథి నీరసపడిందని టీఎస్‌హెచ్ అనే ఇంకో పరీక్ష చెబుతోంది, అందుకే మాత్ర. పొద్దున్నే పరగడుపున వేసుకో. నిద్రమత్తు మెల్లగా తగ్గుతుంది."

మెల్లగా అంటే కోడలికి కుదరదు. బట్టలు కుట్టే కార్ఖానాలో ఆమె మిషను మీదే కునికిపాట్లు పడుతోంది. "బద్ధకం వదలకపోతే నెలాఖరుకి మిషను ఇంకొకరికి" అనేశాడు అక్కడ పని చూసే మాస్టరు. ఆ మాట ఇంట్లో చెప్పి, మిషను వదిలేది లేదు, జబ్బు సంగతి కార్ఖానాలో చెప్పేదీ లేదని పళ్లు బిగించింది.

మర్నాడు పనికి వెళ్లేసరికి మామయ్యగారు రిపోర్టు పట్టుకుని మాస్టరు ఎదుట కూర్చుని ఉన్నారు! కోడలికి భూమి చీలితే బాగుండుననిపించింది. ఆయన్ని గుమ్మం బయటికి లాక్కొచ్చింది.

"పరువు తీశారు కదండీ! అవి మార్కులు కావని డాక్టరమ్మ చెప్పింది కదా?"

"తెలుసమ్మా. రోగమని మొదలెడితే 'పాపం' అని లేచి వెళ్లిపోతారు. మార్కులంటే కూర్చుని వింటారు. విన్నాక సైన్యం సంగతీ, మాత్ర సంగతీ చెప్పా. బద్ధకమన్న మాట వెనక్కి తీసుకోమన్నా."

"తీసుకున్నారా?"

"నేను ఫోర్‌మన్నమ్మా!"

కోడలు వెళ్లి మిషను ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కించింది. మాస్టరు మెల్లగా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"మా ఆవిడ కూడా ఎప్పుడూ నీరసంగా పడుకునే ఉంటుందమ్మా. తిట్టిపోస్తున్నా ఇన్నాళ్లూ. ఆ పరీక్ష ఎక్కడ రాయిస్తారు?"