రాజు మీసం, మా మామ మగ్గం

పుస్తకం బాగుందో లేదో తేల్చడానికి నా దగ్గర ఒకటే కొలత ఉంది. చదువుతుంటే పొట్ట పట్టుకోవాలి. ఆ లెక్కన రాజుగారి మీసం ఎగిరిపోయిన నవలను మించింది నాకు ఈనాటికీ దొరకలేదు. అట్ట ఊడిపోయి, ఎవరు రాశారో కూడా తెలియకుండా అది నా చేతికి వచ్చింది. పందొమ్మిది వందల యాభైలలో, నేను ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు కొత్తకోడలిగా వచ్చిన ఏడాది అది. ఆదోని పత్తిమిల్లులో పనిచేసే మా అన్న సంతకు వచ్చినప్పుడల్లా ఆదోని గ్రంథాలయం నుంచి ఒక పుస్తకం తెచ్చిచ్చి, మరుసటి సంతకు తిరిగి తీసుకుపోయేవాడు.

ఆ నవలలో ఒక మతిమరుపు మాంత్రికుడు రాజును గాల్లో ఎగిరించబోయి సగం మంత్రం మరిచిపోతాడు. రాజు కదలడు, మీసం ఒక్కటే లేచిపోతుంది. ఆ దేశంలో ఆ మీసం ఎవరి మూతి మీద ఉంటే వాళ్ళే రాజు. అది వెళ్ళి వంటవాడి మీద వాలుతుంది, తర్వాత పళ్ళు లేని ఒక ముసలమ్మ మీద, ఆ తర్వాత గాడిద మీద. మంత్రులు గాడిదను సింహాసనం ఎక్కిస్తారు. అది ఓండ్రపెడితే "చిత్తం మహాప్రభూ" అంటారు. ఆ ఓండ్ర పన్ను పెంచమనా, తగ్గించమనా అని జుట్లు పట్టుకుంటారు.

ఇంత చెప్తూ ఆ రచయిత తను మాత్రం ఒక్కచోటా నవ్వడు! మీసం ఎగరడాన్ని సద్దన్నం తిన్నంత మామూలుగా చెప్పుకుపోతాడు. అదెలా ఎగిరిందని ఆ దేశంలో ఎవరూ అడగరు. ఇప్పుడు ఎవరికి దండం పెట్టాలన్నదే అందరి ఆరాటం. మీసం ఎగరడం ఒక్కటే అబద్ధం, మిగిలిందంతా నేను ఎరిగిన లోకమే అనిపించింది.

మా మామకు సరిగ్గా అలాంటి మీసమే ఉండటం నా ఖర్మ. ఆయన ముందుగదిలో గుంతమగ్గం మీద చీరలు నేసేవాడు. ఆ ఇంట్లో మామ కోడలితో నేరుగా మాట్లాడకూడదు. నేను ఎదురుగానే ఉన్నా ఆయన గోడవైపు చూసి "నీళ్ళు కావల్లని సెప్పు" అనేవాడు. నేను చెంబు గడప దగ్గర పెట్టి వచ్చేదాన్ని. నెలలు గడిచినా ఆయన నోటి నుంచి నాకంటూ ఒక్క మాట రాలేదు. నేనంటే గిట్టదేమోనని లోలోపల కుమిలిపోయేదాన్ని.

మధ్యాహ్నాలు లోపలిగదిలో మా అత్త రాట్నం తిప్పి కండెలకు నూలు చుడుతుంటే, నేను పక్కన కూర్చుని పైకి చదివేదాన్ని. అత్తకు చదువు రాదు. "నన్ను ఇడిసిపెట్టి ముందుకు పోవాకు" అని ఒట్టు పెట్టించుకుంది. గాడిద పట్టాభిషేకం రోజు ఇద్దరం కిందపడి దొర్లాం. ముందుగదిలో మగ్గం చప్పుడు మధ్యమధ్యలో ఆగిపోతూనే ఉంది. నూలు తెగుతోందేమో అనుకున్నాను.

సాయంత్రం అత్త చీర చూసి గుండె బాదుకుంది. కొంగులో ఎర్రపట్టీ నాలుగు వేళ్ళ వెడల్పు రాగానే ఎర్ర నూలును అటూ ఇటూ ఆడించే నాడె వదిలి, నల్ల కండె ఉన్న నాడె అందుకోవాలి. మామ ఎర్రనాడెనే ఆడిస్తూ జానెడు నేసేశాడు. అది ఆయన ఎన్నడూ చేయని తప్పు.

"ఏమ్మే, మీ నగవులకు తలకాయ నొచ్చి ఇట్ల సేసినాడు మీ మామ. ఇంగ సాలు" అని నా చేతిలో పుస్తకం లాక్కుని జొన్నల గుమ్మిలో దాచేసింది. తను కూడా నవ్విందన్న సంగతే మరిచిపోయింది. మామ మీసాన్నే వెక్కిరించానని అనుకున్నారేమో! భయంతో, సిగ్గుతో అన్నం సయించలేదు. సంత దగ్గరికొస్తోంది, గాడిద ఇంకా సింహాసనం మీదే ఉంది.

సంతరోజు పొద్దున అన్న వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అత్త గుమ్మిలోంచి పుస్తకం తీసి, జొన్నలు దులిపి అన్నకు ఇవ్వబోయింది. మగ్గం ఆగింది.

"ఉండప్పా" అన్నాడు మామ. మీసం సవరించుకున్నాడు. అలవాటుగా గోడవైపు తిరిగాడు. ఏమనుకున్నాడో, మళ్ళీ తిరిగి నావైపే చూశాడు.

"అమ్మా, ఆ మీసం మల్లా రాజు మూతికి వస్తాదా, రాదా?"

నూలు తెగలేదు, తలనొప్పీ కాదు. ఈయన గోడ అవతల చెవులు రిక్కించుకుని వింటున్నాడు!

"తెల్దు మామా. అత్త లేకుండా సదవలే" అన్నాను. ఆయనతో నేనన్న మొదటి మాట అది.

"అయితే ఈడ కూసోని సదువు. అందరం ఒగేసారి తెలుసుకుందాం."

అత్త పుస్తకం నా చేతిలో పెట్టి, నా పక్కనే చతికిలబడింది. మా అన్న సంత సంగతే మరిచాడు. మగ్గం పక్కన కూర్చుని చదవడం మొదలుపెట్టాను. నా ఒళ్ళంతా తేలిపోతోంది, ఆ ఇల్లు నాదైపోయింది. రాజు చేయి చాచగానే మీసం గాడిద మూతి మీంచి లేచి, ఆయన్ను కాదని, ఈ కథ వింటున్నవాళ్ళ వైపు ఎగిరిందని రాసి ఉన్న చోటికి వచ్చాను. మా మామ పగలబడి నవ్వుతూ రెండు చేతులతో తన మీసం గట్టిగా పట్టుకున్నాడు.