పడవలో బియ్యం కడిగితే

క్రైస్ట్‌చర్చ్ ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన కాకినాడ డాక్టర్‌గారికి పిక్టన్ రేవులో ఒక ట్రాలర్ యాట్ ఉంది. చూడ్డానికి వలలు ఇంట్లో మరిచిపోయి వచ్చిన చేపల పడవలా ఉంటుంది. లోపల పడకలు, వంటగది, మంచినీళ్ల ట్యాంకు, అన్నీ ఉంటాయి. నడక మాత్రం నిదానం. అందుకే నాకూ దానికీ కుదిరింది.

సగం వాటా ఉన్న ఆయన మిత్రుడు ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు. కొత్త భాగస్వామి దొరక్కపోతే పడవ అమ్మేస్తానన్నారు డాక్టర్‌గారు. ఆ వాటా నాకు కావాలి. ఆఫీసు మీటింగుల్లో కూడా ఆటుపోట్ల వేళలు చూసుకునేంతగా కావాలి.

"లాంగ్ వీకెండ్‌కి రండి. మీరు పడవని చూడండి, నేను మిమ్మల్ని చూస్తాను," అన్నారాయన. పెళ్లిచూపులప్పుడు కూడా నేను అంత భయపడలేదు.

మా ఆవిడా నేనూ వెళ్లాం. కొండల మధ్యకి సముద్రం చొరబడిన దారుల్లో పగలంతా తిరిగి, గాలి తగలని ఒక మూల లంగరు వేశాం. రిటైరైన స్థానిక కివీల పడవలు రెండు వచ్చి మా పడవకి తాళ్లు కట్టుకున్నాయి. అలా కలిసినప్పుడు ఒక్కో పడవ నుంచి ఒక్కో వంట రావడం అక్కడి ఆనవాయితీ.

"మన తరఫున పులిహోర," అని నోరు జారాను.

అందరికీ సరిపడా బియ్యం తీసి, మా అమ్మ నేర్పినట్టు నీళ్లు తేటపడేదాకా కడిగాను. సింకు చిన్నది కాబట్టి, కుళాయి కట్టకుండా విడతలు విడతలుగా కడిగాను. కరివేపాకు కడిగాను, మిరపకాయలు కడిగాను, వాడిన ప్రతి గిన్నెనీ అప్పటికప్పుడు కుళాయి కింద పెట్టాను. మంచిపేరు కోసం సింకు కూడా తోమాను. పులిహోర కుదిరింది. పక్క పడవావిడ మళ్లీ వడ్డించుకుంది. వాటా చేతికొచ్చినట్టే అనుకుని పడుకున్నాను.

పొద్దున డాక్టర్‌గారు మొహం కడుక్కోబోతే కుళాయి దగ్గింది. కింద పంపు ఆగకుండా గుర్రుమంది.

"ట్యాంకు ఫుల్ చేసి బయల్దేరాను కదండీ. సోమవారం దాకా రావాలి. నీళ్లేమయ్యాయి?"

నీళ్లు నమిలాను. పడవలో మిగిలినవి అవే.

"బియ్యం... కడిగానండి."

"ఎన్ని ఊళ్లకి?"

తాగడానికి సీసాలున్నాయి, మిగతా వాటికి చుక్క లేదు. "వెనక్కి పోదాం," అన్నారాయన. నా ఆశల మీద చల్లడానికైనా నీళ్లు లేవు.

పక్క పడవావిడ తమ ట్యాంకు నుంచి పైపు అందిస్తానంది. డాక్టర్‌గారు నవ్వి వద్దన్నారు. ఎవరి నీళ్లు వాళ్లు చూసి తెచ్చుకుంటారు. అడిగితే కాదనేవాళ్లు లేరు. అందుకే ఎవరూ అడగరట.

అప్పుడు మా ఆవిడ నావైపు తిరిగింది. "అనంతపురంలో ట్యాంకరు వెనక బిందె పట్టుకుని పరిగెత్తిన మనిషేనా మీరు? రిక్కార్టన్‌లో మన ఇంటి ట్యాపు మిమ్మల్ని పూర్తిగా చెడగొట్టింది. అదో, ఆ ఒడ్డున వాగు కనపడట్లేదా? క్యాన్లు తీయండి. అంకుల్, ఆ చిన్న బోటు దింపండి."

నేను తెడ్లు వేశాను, ఆవిడ క్యాన్ల మధ్య కూర్చుని దారి చెప్పింది. జీన్స్ మోకాళ్లదాకా మడిచి వాగులోకి దిగి నింపింది. నేను మోశాను. వాగు నీళ్లు ట్యాంకులో పోయొద్దన్నారు డాక్టర్‌గారు. క్యాన్లన్నీ డెక్ మీదే వరసగా పెట్టాం.

ఇక వంటగది ఆవిడది. అంట్లన్నీ బకెట్లో సముద్రపు నీళ్లతోనే. ఆఖర్న మాత్రం ఒక మగ్గు వాగు నీళ్లు. కూరగాయలు కడిగిన నీళ్లు పారబోయకూడదు.

"మా ఇంట్లో ఇవి గేదె తాగేది," అంది నాతో. "ఇక్కడ గేదె లేదు కాబట్టి మీరు డెక్ తుడవండి."

డాక్టర్‌గారు పడవని వెనక్కి తిప్పలేదు. సోమవారమే పిక్టన్ చేరాం. తాళ్లు కట్టాక ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ, "ఏమ్మా, సగం వాటా తీసుకుంటావా?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే అర్థమైంది, అడిగింది మా ఆవిడని.

"మీ ఆయన్ని సిబ్బందిలో వేసుకుందాం. పులిహోర బాగా చేస్తాడు."

"సరే అంకుల్. సింకు దగ్గరికి మాత్రం రానివ్వను."

ఇప్పుడు ప్రయాణానికి ముందు బియ్యం ఇంట్లోనే తేటపడేదాకా కడిగి, హాల్లో పాత చీర మీద ఆరబెట్టి, డబ్బాకెత్తుతాను. పడవ ఎక్కేముందు మా ఆవిడ మూత తీసి, వేళ్లు పెట్టి తడి ఉందేమో చూస్తుంది. చూశాకే నన్ను ఎక్కనిస్తుంది.