అపోండి ఎక్కిన నిచ్చెన

మా లువో తెగ ఊళ్ళలో మొగుడు పోయినామె అతని అన్నదమ్ముల్లో ఒకరిని కట్టుకునేదాకా ఆమె ఇంటి కప్పును ఏ మగవాడూ బాగుచెయ్యడు. ఆడది కప్పెక్కితే శాపం తగిలి చిక్కి చస్తుందంటారు.

యేసును నమ్ముకున్న అపోండి మొగుడు పోయాక ఆ ఆచారానికి లొంగక మూడు వానాకాలాలు కారే ఇంట్లోనే గడిపింది. చివరికి గోడ నాని ఒరిగింది. ఆ పొద్దున పక్కింటి నుంచి నేను ఉప్పు అడిగే వంకతో వెళ్ళేసరికి ఆమె బావగారు ఒబురా వాకిట్లో ఉన్నాడు.

"సరేనను మరదలా, సాయంత్రానికి కొత్త గడ్డి కప్పిస్తా. లేకపోతే నీ దేవుడొచ్చి కప్పుతాడా?"

అపోండి కళ్ళు మూసుకుని పెదవులు కదిపింది. ఒప్పేసుకుంటుందనుకున్నాను.

"నా పోరు మీతో కాదు బావగారూ, నాలోని భయంతో," అని నిచ్చెన తెచ్చి గోడకు ఆనించి ఎక్కసాగింది.

"దిగవే! కొంప ముంచకు!" అని అరిచాడు ఒబురా.

నాలుగు మెట్లెక్కి ఆగిపోయింది. "అత్తా, గడ్డి అందిస్తావా?" అంది సన్నగా.

అందించినవాళ్ళకూ ఆ శాపం తగులుతుందంటారు. ఉప్పుగిన్నె కింద పెట్టి ఆమె కోసి ఉంచుకున్న గడ్డిమోపు ఎత్తాను.

ఏడేళ్ళయింది. వానలకు ముందు ఆమె ఇప్పటికీ తనే కప్పెక్కుతుంది, ప్రతిసారీ వణుకుతూనే.