ముఖం చాలు

జైల్లో అతన్ని అందరూ పెళ్లికెమెరా అనేవారు. పిలిచీ పిలిచీ అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు. పన్నెండేళ్లు పెళ్లి వీడియోలు తీశాడు. చేతిలో ఫోనున్న ప్రతివాడూ కెమెరామన్ అయిపోయాక గిరాకీ పడిపోయి, కాంట్రాక్టు మీద ఈ పనిలో చేరాడు. ఖైదీలను కోర్టుకు తీసుకెళ్లకుండా, వీడియోలోనే మేజిస్ట్రేటుకు చూపించి రిమాండు పొడిగించే గది అది. మనిషికి ఒక నిమిషం. పెళ్లిలో ఫొటోకు కూడా అంతకంటే ఎక్కువసేపు నిలబెట్టేవాణ్ణని భార్యతో అనేవాడు.

"అక్కడైతే నవ్వమనేవారు కదా," అనేది ఆమె.

పని బ్రహ్మవిద్యేం కాదు. గోడకు కెమెరా, దానికెదురుగా కుర్చీ. పొద్దున్నే కెమెరా వేయగానే తలుపు నుంచి బీరువా దాకా గది మొత్తం కనిపిస్తుంది. అతను రిమోటుతో దగ్గరికి లాగి, కుర్చీలో కూర్చున్నవాడి ముఖం మాత్రమే తెర నిండేలా పెట్టాలి. "ముఖం చాలు, మేడంగారికి మన గోడలతో పనేంటి?" అని జైలరు మొదటిరోజే చెప్పాడు. నిజమే కదా అనుకున్నాడు. ఆ ముఖానికి మూరెడు దూరంలో, తెరకు అందకుండా, హెడ్ వార్డరు లాఠీతో నిలబడతాడని గమనించడానికి వారం పట్టింది. మేజిస్ట్రేటు "ఏమైనా చెప్పుకోవాలా?" అని అడగడం, ఖైదీ ఓసారి పక్కకు చూసి "ఏమీ లేదమ్మా" అనడం, రెండేళ్లుగా ఇదే తంతు. చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడానికే తనకు జీతమిస్తున్నారేమోనని ఒక్కోసారి అనుమానం వచ్చేది. దాన్నీ దిగమింగేవాడు.

ఆ మంగళవారం బస్సు కండక్టరును ఇద్దరు వార్డర్లు చంకల కింద చేతులు వేసి మోసుకొచ్చారు. బజారులో ఓ పోలీసు కూరగాయల బండిని బోర్లా తోస్తున్న వీడియో అతని ఫోనుకొస్తే, నలుగురు బంధువులకు పంపాడు. అదీ నేరం. పదిహేను రోజుల కిందట తన కాళ్లమీద నడిచొచ్చి, లేచి వెళ్తూ అలవాటుగా "రైట్, పోనీయ్" అని వార్డర్లను కూడా నవ్వించాడు. ఇవాళ పాదాలు నేలకు ఆనించలేకపోతున్నాడు. అవి ఉబ్బి నల్లబడ్డాయి, మడమల దగ్గర చర్మం పగిలింది. ముఖం మీద మాత్రం గీత కూడా లేదు. తల కూడా దువ్వారు.

పెళ్లికెమెరా తన ముందున్న చిన్న తెర చూశాడు, అందులో ముఖం మాత్రమే ఉంది. తెరమీద ఎంతవరకు కనిపిస్తుందో తెలిసి మరీ కొట్టారు. ఆ కొలత రోజూ తన చేత్తో పెట్టేదే.

మేజిస్ట్రేటు తలూపితే ఆ కాళ్లు మరో పదిహేను రోజులు వీళ్ల చేతుల్లో ఉంటాయి. ఇటు చూస్తే తన కాంట్రాక్టు ఈ నెలతో సరి, కొత్త కాగితం జైలరు సంతకం కోసం ఆగి ఉంది.

"ఏమైనా చెప్పుకోవాలా?" టీవీలోంచి మేజిస్ట్రేటు అడిగింది.

కండక్టరు పక్కకు చూశాడు.

పెళ్లికెమెరా బల్ల కింద కెమెరా స్విచ్చుమీద కాలు వేసి నొక్కాడు.

"ఏమైందయ్యా?" తలుపు దగ్గర నిలబడ్డ జైలరు కసిరాడు.

"కెమెరా ఆగిందండి. ఒక్క నిమిషం."

మళ్లీ నొక్కాడు. ఆపి మళ్లీ వేస్తే అది దానంతటదే గది మొత్తం చూపిస్తుందని అక్కడ అతనొక్కడికే తెలుసు. కోర్టుకు ఏం కనిపిస్తోందో అతని ముందున్న చిన్న తెరలోనే తెలుస్తుంది. కెమెరా అటూ ఇటూ మెడ తిప్పి నిలబడింది. తెరలో కుర్చీ, పాదాలు, లాఠీ, అన్నీ ఉన్నాయి. కానీ మేజిస్ట్రేటు తలవంచుకుని రాసుకుంటోంది. కలం పొడిగింపు కాగితం మీదే ఉంది. రెండేళ్లలో ఒక్కమాట మాట్లాడనివాడు నోరు తెరిచాడు.

"అమ్మా, బొమ్మ సరిగా వచ్చిందేమో ఒక్కసారి చూడండమ్మా."

ఆమె తలెత్తింది. కలం ఆగింది.

"ఆ లాఠీ మనిషెవరు? కాళ్లకేమైంది?"

హెడ్ వార్డరు రెండడుగులు వెనక్కి వేశాడు. అక్కడా తెరలోనే ఉన్నాడు.

"స్నానాల గదిలో జారిపడ్డాడమ్మా," అన్నాడు జైలరు.

"ఆపరేటరు, కాళ్లు దగ్గరగా చూపించండి."

జైలరు తల తిప్పి అతన్నే చూశాడు. ఇప్పటిదాకా జరిగిందంతా కరెంటుమీదికి నెట్టేయవచ్చు. ఇకమీదట కుదరదు. రిమోటు నొక్కాడు. తెర నిండా పాదాలు వచ్చాయి. మేజిస్ట్రేటు గంటలో కండక్టరును ఆసుపత్రికి చేర్చాలనీ, తన అనుమతి లేకుండా తిరిగి ఈ జైలుకు తీసుకురాకూడదనీ ఆదేశించింది.

గది ఖాళీ అయ్యాక జైలరు తెల్లకాగితం, కాంట్రాక్టు కాగితం పక్కపక్కన పెట్టాడు. గొంతు తేనెలో ముంచినట్టుంది. "కెమెరా పాడై బొమ్మ తేడాగా వచ్చిందని రాసివ్వు. రెండోదాని సంగతి నేను చూసుకుంటాను."

భార్య గుర్తొచ్చింది. ఇంటి అద్దె కూడా గుర్తొచ్చింది. భయం వేసింది, బాగా వేసింది. అయినా కలం తీసుకుని రాశాడు: కెమెరా బాగానే ఉంది. కండక్టరు కాళ్లు కనిపించాలని నేనే ఆపి మళ్లీ వేశాను.

కింద సంతకం పెట్టి, పేరు పూర్తిగా రాశాడు.

జైలరు చదివాడు. మొహం మాడ్చుకుని అడుగున వేలు పెట్టాడు.

"ఎవరిదీ పేరు?"

"నాదేనండి," అన్నాడు.