పెన్‌గంగ ఒడ్డు ఊళ్లో రెండు కుర్చీలు

కరీంనగర్ బస్టాండులో ఆదిలాబాద్ ఎక్స్‌ప్రెస్ ఉదయం ఆరింటికి కదిలింది. ఆదివారం చర్చి ఆరాధన మానుకొని ప్రయాణం పెట్టుకోవడం నాకు అలవాటు లేదు. ఈసారి తప్పలేదు. మహారాష్ట్ర సరిహద్దులో, పెన్‌గంగ నది దగ్గర ఒక చిన్న ఊళ్లో సర్పంచ్ ఎన్నిక జరుగుతోంది. ఆ పదవి ఈసారి మహిళలకు కేటాయించారు. పోటీలో ఇద్దరు. వాళ్లిద్దరినీ ఒకేచోట కూర్చోబెట్టి ఊరివాళ్లు ప్రశ్నలడుగుతారట. ఆ సభను నడపమని నన్ను పిలిచారు.

పిలిచింది షబానా. నేను వ్యాయామ ఉపాధ్యాయినిగా పనిచేసిన బడిలో కబడ్డీ ఆడిన పిల్ల. పెళ్లయ్యాక ఆ ఊరు చేరి, భర్త యూసుఫ్‌తో కలిసి బట్టలు కుట్టే దుకాణం నడుపుతోంది. పోయిన ఎన్నికల్లో ఫలితం వచ్చిన సాయంత్రం ఆ ఊళ్లో రెండు వర్గాలు రాళ్లు విసురుకున్నాయి. ఎవరి పక్షమూ కాని యూసుఫ్ దుకాణం మూసుకుంటుండగా రాయి తగిలి అతని తల పగిలింది. ఈసారి మళ్లీ అలా కాకూడదని, ముందే అందరి ముందు ముఖాముఖి మాట్లాడించాలని షబానా, మహిళా సంఘంలోని కొందరు ఆడవాళ్లు పట్టుబట్టారు.

"మా ఊళ్ల ఎవర్ని పెద్దగ కూసోబెట్టినా గీ పార్టోళ్లంటరు, లేకుంటె గా పార్టోళ్లంటరు. మీరు ఎవరికీ చుట్టం గారు టీచర్. జర రాండ్రి" అంది ఫోన్లో.

వస్తానన్నాను గానీ రాత్రంతా నిద్ర పట్టలేదు.

బస్సులో మహిళలకు డబ్బు కట్టనక్కర్లేని జీరో టికెట్. ఆధార్ కార్డు చూపిస్తే చాలు. జగిత్యాలలో నా పక్కన బీడీలు చుట్టే ఒకామె కూర్చుంది. మెట్‌పల్లిలో కూతురింటికి పోతోంది. ఎక్కడికని అడిగితే విషయం చెప్పాను.

"నిలబడ్డోళ్లను అడుగుతరా? అడిగితె చెప్తరా అక్కా?" అని నవ్వింది.

"చెప్తరో లేదో చూద్దామనే పోతున్న" అన్నాను. దిగేటప్పుడు నా భుజం తట్టి, "పైలంగ పోయి రా అక్కా" అని చెప్పింది.

నిర్మల్‌లో బస్సు కాసేపు ఆగింది. ఇడ్లీ తిని, చాయ్ తాగాను. అక్కడి నుంచి ఘాట్ ఎక్కాక చలి తెలిసింది. టేకు చెట్ల మధ్య మలుపులు తిరుగుతూ పోయే ఆ రోడ్డును చూడటానికైనా ఆ దారిన ఒకసారి వెళ్లాలి. ఇటు వచ్చేవాళ్లు శాలువా దగ్గరుంచుకోండి. మధ్యాహ్నం ఒంటిగంటకు ఆదిలాబాద్‌లో దిగితే యూసుఫ్ ఎదురొచ్చాడు. జైనథ్ దాకా బస్సు, అక్కడి నుంచి షేర్ ఆటో. దారి పొడవునా పత్తి చేలు. ఆటోలో సగం మంది మరాఠీలో, సగం మంది తెలుగులో మాట్లాడుతున్నారు. ఒకరి మాట ఇంకొకరికి తెలుస్తూనే ఉంది.

యూసుఫ్ నుదుటి మీద కుట్ల మచ్చ ఉంది. నేను చూస్తున్నానని గమనించి టోపీ కిందికి లాక్కున్నాడు.

షబానా జొన్నరొట్టె, శనగపిండితో చేసే పిట్ల కూర వడ్డించింది. తింటుండగానే పోటీదారుల గురించి చెప్పింది. రాజవ్వ కూలిపని చేస్తుంది, మహిళా సంఘానికి పెద్ద. ఎవరితోనైనా గట్టిగా మాట్లాడుతుంది. రెండో ఆమె సవిత. భర్త విఠల్ పత్తి కొనే వ్యాపారి, ఊళ్లో పలుకుబడి ఉన్నవాడు. ఇల్లిల్లూ తిరిగి ఓట్లడిగేది విఠలే. సవిత పక్కన నిలబడి దండం పెడుతుంది, అంతే.

"ఆమె నోరు విప్పంగ నేనైతె ఇనలే టీచర్" అంది షబానా.

సభకు పోలీసుల అనుమతి ముందే తీసుకున్నారు. నాలుగింటికి ఊరి మధ్య ఖాళీ జాగాలో జనం చేరారు. నేను ఊహించిన దానికంటే చాలా ఎక్కువమంది. ముందు రెండు ప్లాస్టిక్ కుర్చీలు, పక్కన నాకో బల్ల. ఇద్దరు కానిస్టేబుళ్లు దూరంగా నిలబడ్డారు. రాజవ్వ వచ్చి ఒక కుర్చీలో కూర్చుంది. రెండో కుర్చీలో విఠల్ వచ్చి కూర్చున్నాడు. వెనక ఆయన మనుషులు పదిమంది దాకా నిలబడ్డారు.

"ఆ కుర్చీ పోటీ చేసేటామెది" అన్నాను.

"ఆమెకు మాట్లాడ రాదు మేడం. ఏమడిగినా నేను జవాబు చెప్త."

"మరి నామినేషన్ ఎవరిది?"

"పేరు ఆమెది, పని నాది. ఊరందరికి ఎర్కే."

రాజవ్వ వైపువాళ్లు లేచి అరవడం మొదలుపెట్టారు. విఠల్ మనుషులు ముందుకు తోసుకొచ్చారు. ఎవరో కుర్చీ లాగారు. యూసుఫ్ చేయి తనకు తెలియకుండానే తల మీదికి పోయింది. ఎన్నో ఆటల్లో గొడవలు ఆపినదాన్ని, ఇక్కడ ఊదడానికి నా చేతిలో ఈల కూడా లేదు. ఈ ఊళ్లో మళ్లీ రక్తం కారితే, దానికి ఈ సభే కారణమవుతుందని భయం పట్టుకుంది. బల్ల పట్టుకొని నిలబడి, "ఆ కుర్చీల సవిత కూసోకుంటే సభ లేదు. నేను గిట్లనే బస్సెక్కి పోత" అని గట్టిగా చెప్పాను.

అరుపులు కొంచెం తగ్గాయి. ఆడవాళ్ల గుంపులోంచి ఒకామె లేచింది. సన్నగా ఉంది, తల మీద కొంగు కప్పుకుంది. నేరుగా కుర్చీ దగ్గరికి వచ్చింది.

"లేవుండ్రి. నామినేషన్ కాయితం మీద దస్కత్ పెట్టింది నేను" అంది.

విఠల్ ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె అక్కడి నుంచి కదలలేదు. ఆయన లేచి, "నీ ఇష్టం. ఇజ్జత్ పోతె నన్నడగకు" అని విసవిసా నడిచి వెళ్లిపోయాడు. ఆయన మనుషుల్లో కొందరు వెంట పోయారు, కొందరు కింద కూర్చున్నారు. సవిత కుర్చీలో కూర్చుంది.

ప్రశ్నలు మొదలయ్యాయి. పై వాడకు నల్లా నీళ్లెందుకు రావని ఒక పెద్దాయన అడిగాడు. రాజవ్వ పైపు ఎక్కడ పగిలిందో చెప్పి, మొదటి పని అదేనంది. సవిత, "ఆ పైపు సంగతి నాకు తెల్వది. తెలుసుకొని చేపిస్త" అంది. కొందరు నవ్వారు. ఆమె మాత్రం తల దించుకోలేదు. గ్రామసభ రెండు నెలలకోసారి పెట్టి లెక్క చెప్తారా అని షబానా అడిగితే ఇద్దరూ ఒప్పుకున్నారు.

తర్వాత చంటిబిడ్డను ఎత్తుకున్న ఒకామె వెనక నుంచి లేచింది. "గెలిచినంక మాకు పని బడితె ఎవరి తాన్కు రావాలె? మీ తాన్కా, మీ ఇంట్ల మొగోళ్ల తాన్కా?"

రాజవ్వ వెంటనే, "నాకు మొగడు లేడు, పోయి ఏడేండ్లాయె. నా తాన్కే రావాలె" అంది.

సవిత ఆడవాళ్ల వైపు తిరిగింది.

"గిన్నేండ్లు మా ఇంటికి ఎవరొచ్చినా చాయ్ నేనిచ్చిన, ముచ్చట ఆయన చెప్పిండు. లోపట్నుంచి అన్నీ ఇన్న. ఎవరికేం కష్టముందో నాకు ఎర్కే. నేను గెలిస్తె ముచ్చట నాతోని మాట్లాడుండ్రి. చాయ్ ఎవరన్న పెడతరు."

ముందు ఆడవాళ్లు నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. రాజవ్వ కూడా నవ్వి సవిత చేయి పట్టుకుంది. చీకటి పడకముందే సభ అయిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ రాత్రి షబానా ఇంట్లో రెండు దుప్పట్లు కప్పుకొని హాయిగా నిద్రపోయాను.

తెల్లవారి చాయ్ తాగుతుంటే దుకాణం ముందు విఠల్ మోటార్‌సైకిల్ ఆగింది. యూసుఫ్ లేచి నిలబడ్డాడు. విఠల్ దిగకుండానే నాతో అన్నాడు:

"రామ్ రామ్ మేడం. నిన్న గోడ అవతల నిలబడి అంత ఇన్న. పెండ్లయి ఇరవయేండ్లాయె, ఆమె గంత మాట్లాడంగ నేను గూడ ఇనలే."

కోపంతో అన్నాడో, ముచ్చటపడి అన్నాడో నాకు అర్థం కాలేదు. బండి తిప్పుకొని వెళ్లాడు.

ఆ సాయంత్రంతో ప్రచారం ముగుస్తుంది, ఆ తర్వాత బయటివాళ్లు ఊళ్లో ఉండకూడదు. అందుకని ఆ పూటే బయలుదేరాను. ఆదిలాబాద్ నుంచి ఉట్నూర్, జన్నారం మీదుగా మంచిర్యాల బస్సు దొరుకుతుంది. అడవి దారి, కుదుపులు ఎక్కువ, కిటికీ పక్క సీటు మాత్రం వదులుకోకండి. అక్కడి నుంచి మందమర్రి వెళ్లాను. మా చెల్లెలి భర్త బొగ్గుబావిలో పనిచేస్తాడు. వాళ్ల క్వార్టర్‌లో పోలింగ్ రోజు దాకా ఉన్నాను. చెల్లెలు ఎంత మాట్లాడించినా నా ధ్యాస ఫోన్ మీదే. సభ బాగానే జరిగింది. కానీ పోయినసారి రాళ్లు పడ్డది ఫలితం రోజున కదా. పంచాయతీ ఓట్లు పోలింగ్ రోజే లెక్కిస్తారు.

పోలింగ్ రోజు సాయంత్రం మందమర్రి స్టేషన్‌లో పెద్దపల్లికి ప్యాసింజర్ రైలెక్కాను. షిఫ్టు దిగిన కార్మికులతో పెట్టె నిండిపోయింది. గోదావరి వంతెన దాటాక షబానా ఫోన్ చేసింది. వెనక డప్పులు మోగుతున్నాయి.

"టీచర్! రాజవ్వ గెలిచింది!"

"గొడవ?"

"లేదు టీచర్, ఏం గాలే! సవితక్క సీదా రాజవ్వ ఇంటికి పోయింది. విఠల్ అన్న ఎన్కనే పోయిండు. మేమంత పరేషాన్ అయినం. సవితక్క, మొగడు లేనామె అని చూడకుంట, రాజవ్వకు బొట్టు పెట్టి ఏమన్నదో ఎర్కేనా? 'పైపు సంగతి నేను గూడ తెలుసుకున్న. గ్రామసభల మొదటి ప్రశ్న నాదే' అన్నది."

"యూసుఫ్ ఏడి?"

"దుకాణం తెరిచే ఉంచిండు టీచర్. రాత్రి దాంక మూయ అంటుండు."

నా కళ్లలో నీళ్లు చూసి ఎదురుగా కూర్చున్న కార్మికుడు, "అంతా మంచిదేనా అమ్మా?" అని అడిగాడు. మంచిదేనని జరిగింది చెప్పాను. చుట్టూ ఉన్నవాళ్లు కూడా విన్నారు. రామగుండంలో దిగుతూ ఆయన, "మాకు గూడ నిలబడ్డోళ్లను ఒక్కపారి గట్ల అడుగాల్నని ఉన్నది" అన్నాడు.

పెద్దపల్లిలో దిగి కరీంనగర్ బస్సెక్కాను. గుళ్లు, జలపాతాలు చూసి వచ్చిన యాత్రలు నాకు చాలా ఉన్నాయి. ఈసారి చూసింది ఒక ఖాళీ జాగా, అందులో నిర్భయంగా ప్రశ్న అడిగిన మనుషులు. ఇంటికి చేరాక అన్నం కూడా వండుకోలేదు. నాలుగు అరటిపళ్లు తిని, ఫోన్ ఆపేసి, తెల్లారేదాకా ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను.