శవం పడుకునే చోటు
పారిస్‌లో పేరు తెచ్చుకున్న లెబనాన్ దర్శకుడు నబీల్, ఏ దేశంలో వీలైతే ఆ దేశంలో, బేరూత్ యుద్ధాన్నే సినిమాగా తీస్తాడు. ఈసారి ఖతర్ ఎడారిలో తీస్తున్నాడు. నటుడికంటే ముందు తనే శవంలా ఇసుకలో పడుకుని, కళ్లు మూసి ఊపిరి బిగబట్టి చూసుకోవడం ఆయన అలవాటు. కొత్తగా పనిలో చేరిన జగిత్యాల ముత్యానికి అది తెలియదు. ఎండకు అలా కూలిపోయిన లేబర్ క్యాంప్ మనుషులను అతను చూసి ఉన్నాడు. పిలిచాడు, ఆయన పలకలేదు. "అయ్యో, సారు పోయిండు!" అంటూ తలగుడ్డ అంచు చింపి ఆయన కాలి బొటనవేళ్లు రెండూ కలిపి కట్టాడు. సినిమా వాళ్లందరూ గొల్లున నవ్వారు. "తెల్వక కట్టిన సార్" అంటూ ముత్యం ముడి విప్పబోయాడు. నబీల్ కళ్లు తెరవలేదు. "ఉండనీ" అన్నాడు అరబ్బీలో. "మా నాన్నకు కడదామంటే కాళ్లు దొరకలేదు."