నర్సయ్యను భయపెట్టిన రాయి

2023. షోలాపూర్‌లో మన తెలుగు నేతవాళ్ళు ఉండే కుంఠా నాకా చుట్టుపక్కల గల్లీలకు నేను టీబీ హెల్త్ విజిటర్‌ని. అంటే మందు మొదలుపెట్టిన రోగి చివరి మాత్ర మింగేదాకా వెంటపడే మనిషిని. నాకు నోరు కాస్త ఎక్కువే. ఈ ఉద్యోగానికి అదే అసలు అర్హతని మావాళ్ళు ఎగతాళి చేస్తారు.

నర్సయ్య పవర్‌లూమ్ మీద టవళ్ళు నేసేవాడు. భార్య లక్ష్మి ఇంట్లో బీడీలు చుట్టేది. రెండు నెలలు మందులు వాడేసరికి అతనికి దగ్గు తగ్గింది. మూడో నెలలో మందులు మానేశాడు. దీన్ని మేము డిఫాల్ట్ అంటాం. దగ్గు తగ్గగానే రోగం పోయిందనుకునేవాళ్ళు బోలెడు మంది. ఇతనూ ఆ బాపతే అనుకుని, నాలుగు చీవాట్లు పెడదామని కార్ఖానాకే వెళ్ళాను.

మగ్గం ఆపి బయటికొచ్చాడు. ఇక్కడ అక్కను మరాఠీలో తాయీ అంటారు.

"తాయీ, గోలీలు మింగితే కడుపుల తిప్పుతది. మగ్గం కాడ నిలవడ్తలేను, షిఫ్ట్ పోతున్నది. ఎట్లైన రెండువేల ఇరవై తొమ్మిదిల ఆస్మాన్ కెల్లి రాయి పడ్తదంట. అందరం పోయేటోళ్ళమే. ఉన్నన్ని దినాలు పోరగాండ్లకు కడుపునిండ పెడ్త."

"ఎవలు చెప్పిండ్రు నీకు?"

"మొబైల్ల వచ్చింది. కార్ఖానాల అందరు చూసిండ్రు. బీమ్ అయిపోవచ్చినంక తెగిన పోగు ఎవడన్న అతుకుతడా, తాయీ?"

బీమ్ అంటే మగ్గం వెనక పడుగు నూలు చుట్టి ఉండే పెద్ద రోలు. అది అడుగంటాక ఆ చివరి ముక్క ఎలాగూ వేస్ట్‌లోకే పోతుంది. అందుకే అక్కడ తెగిన పోగుల జోలికి ఎవరూ పోరు. మా నేతవాళ్ళకు తెలిసిన ఆ లెక్కే నర్సయ్య తన ఒంటికీ వేసుకున్నాడు. ముందు నవ్వొచ్చింది. మరుక్షణమే భయమేసింది.

ఆ రాయి గురించి చదువుకుని, సెలవు రోజు వాళ్ళింటికి వెళ్ళాను. దాని పేరు అపోఫిస్. 2029 ఏప్రిల్‌లో భూమికి సుమారు ముప్పై రెండు వేల కిలోమీటర్ల దూరం నుంచి పోతుంది. చంద్రుడికంటే చాలా దగ్గర, కానీ తాకదు.

"మరి పడ్తదని ఎందుకన్నరు?" అన్నాడు నర్సయ్య.

"ఆస్మాన్‌ల ఒక్క జాగనే మళ్ళ మళ్ళ ఫోటో తీస్తరు నర్సన్నా. చుక్కలు ఆడనే ఉంటయి, ఈ రాయి పక్కకు జరుగుతది. జరిగినదాన్ని బట్టి తొవ్వ లెక్కగడ్తరు. మొదట్ల దొరికిన ఫోటోలు కొన్నే, తొవ్వ పక్కాగ తెల్వలే. అందుకే తాకుతదేమో అన్నరు. ఆ వీడియోల ఉన్నది అప్పటి మాట. కొన్ని దినాలకే పాత ఫోటోలు దొరికి తొవ్వ తేలింది, తర్వాత రాడార్‌తోని గూడ కొలిచిండ్రు. తాకదు."

అతను గుమ్మంలో ఆడుకుంటున్న కూతురి వైపు చూశాడు.

"అంటే మా పోరి పెద్దగైతదా, తాయీ?"

అని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. అదే రోజు మాత్రలు మళ్ళీ మొదలుపెట్టాడు.

కానీ టీబీ ఊరికే కూర్చోదు. కఫం పరీక్షలో ఎండీఆర్ అని వచ్చింది. అంటే మందు మధ్యలో ఆపడంతో మొండికెత్తి, మామూలు మందులకు లొంగని టీబీ. పెద్ద మందులు మొదలుపెట్టాం. ఈసారి ఒక్క మాత్ర కూడా వదల్లేదు, ఎంత వాంతైనా మింగాడు. బతకాలని అంతగా కోరుకున్న రోగిని నేను చూడలేదు. అయినా ఊపిరితిత్తులు అప్పటికే చెడిపోయాయి. మరుసటి చలికాలంలో పోయాడు.

దినాలయ్యాక లక్ష్మికీ పిల్లలకీ పరీక్షలు చేయించడానికి వెళ్ళాను. ఆమె చేటలో బీడీ ఆకు అలాగే పెట్టుకుని కూర్చుంది.

"తాయీ, ఆ రాయి తాకదని లెక్కగట్టినోళ్ళకు ఎప్పటి సంది ఎరుక?"

"ఇరవై ఏండ్ల సంది."

"ఇరవై ఏండ్ల సంది ఎరుకైన మాట మా గల్లీల ఎవ్వలు చెప్పకపాయె. అబద్ధమైతే ఒక్క దినంల వచ్చె."

అప్పటి నుంచి మందు మానేసినవాళ్ళ దగ్గరికి చీవాట్లతో వెళ్ళడం లేదు. నా పెద్ద నోరు అదుపులో పెట్టుకుని పక్కన కూర్చుని, "ఏం విన్నవ్?" అని ముందు అడుగుతున్నాను.